కల్తీ కల్లు – మత్తు అలవాటు: పాల సంఘ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు



పశుపోషణ, పాల నాణ్యత, లెక్కల నిర్వహణ గురించి మనం తరచు చదువుకుంటూనే ఉన్నాము. ఈ పాఠంలో మరొక విషయం తీసుకుంటున్నాము. పైకి చూస్తే పాల సంఘానికి దీనితో సంబంధం లేదనిపిస్తుంది. కాని పక్షం బిల్లు ఇంటికి చేరకముందే ఖర్చయిపోతున్నా, పాలిచ్చే బర్రె సంతకు పోతున్నా ఆ సంగతి ముందుగా కనబడేది సంఘం పుస్తకాలలోనే. ఆ విషయమే మత్తు మందుల వ్యసనం.

మత్తు మందులు అనగానే అది పట్టణాల జబ్బు అనుకుంటాము. తెలంగాణ పల్లెలలో అది చాలా మందికి కల్లు సీసాలోనే వచ్చింది. తాగేవారికి తాము మత్తు మందు తీసుకుంటున్నామన్న సంగతి కూడా తెలియదు.

కల్లు వేరు, కల్తీ కల్లు వేరు

ఈత చెట్టు, తాటి చెట్టు గీయగా వచ్చే తీపి నీరు దానంతట అదే పులిసి కల్లవుతుంది. ఒక రోజు గడిస్తే పుల్లబడి పనికిరాకుండా పోతుంది. అందులోనూ మత్తు ఉన్నది, మితిమీరితే హాని ఉన్నది. అయితే చెట్లు తక్కువై గిరాకీ ఎక్కువైన చోట్ల నీళ్ళలో సాక్రిన్, దానితో పాటు నిద్ర మందులు కలిపి అమ్మడం మొదలైనది. క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ అనేవి ఇందుకు వాడిన మందులు.

ఆల్ప్రాజోలమ్ మానసిక ఆందోళనకు డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు. మాత్రలో ఉండేది పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో. అంత కొద్ది మందే మనిషికి మగత తెస్తుంది. అటువంటి దానిని పొడిగా తెచ్చి డ్రమ్ములో కలిపితే ఏ సీసాలోకి ఎంత పోయినదో కలిపినవాడికే తెలియదు. పాలలో నీళ్ళు కలిపితే మన లాక్టోమీటరు పట్టి ఇస్తుంది. కల్లులో కలిపిన మందు నాలుకకు తెలియదు, కంటికి కనబడదు.

ఇందుకు గీత పనివారినందరినీ నిందించరాదు. వారి సంఘాలు కూడా మనవంటి సహకార సంఘాలే. చెట్టెక్కి నిజమైన కల్లు దించేవారికి ఈ కల్తీ వల్ల నష్టమే గాని లాభం లేదు.

అలవాటు వ్యసనంగా మారుట

మెదడులో ఉద్రేకాన్ని అణచి శాంతపరచే ఏర్పాటు సహజంగానే ఉన్నది. ఈ మందులు ఆ పనిని ఎక్కువ చేసి నిద్ర, హాయి కలిగిస్తాయి. రోజూ బయటి నుండి మందు అందుతూ ఉంటే మెదడు తన సొంత పనిని తగ్గించుకుంటుంది. అప్పుడు ఒక సీసా సరిపోదు, రెండు కావాలి. కొంతకాలానికి హాయి కోసం కాక, వణుకు రాకుండా ఉండటానికే తాగవలసి వస్తుంది. ఈ దశకు చేరినవాడిని బుద్ధిలేనివాడని తిట్టి ప్రయోజనం లేదు. అది చికిత్స అవసరమైన జబ్బు.

ఒక్కసారిగా మానితే ఏమవుతుంది?

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. మందుకు అలవాటు పడిన శరీరానికి అకస్మాత్తుగా అది అందకపోతే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనబడటం, వినబడటం, ఫిట్సు రావడం జరుగుతాయి. ప్రాణం కూడా పోవచ్చు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు పెరిగి సరఫరా తగ్గినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఎందరో ఇటువంటి బాధలతో ఆసుపత్రుల పాలైనారు. దాడులు చేయడం తప్పు కాదు. దుకాణం మూయించిన రోజునే తాగేవారికి వైద్యం కూడా సిద్ధంగా ఉండవలసినది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై పోరాడారు. అక్షరాస్యత తరగతులలో చదివిన పాఠం వారిని కదిలించింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం సడలింది. ఊరు కలిస్తే ఎంత సాధించగలదో ఇందువల్ల తెలుస్తున్నది. చట్టం ఒక్కటే చాలదనీ తెలుస్తున్నది. అమ్మకం ఆపుట సగం పని. మానేవారిని డాక్టరు వద్దకు చేర్చుట మిగతా సగం.

నేను చూచిన ఒక సంగతి

ఒక సంఘం తనిఖీలో ఒక సభ్యుని ఖాతా చూచాను. రోజుకు 8 లీటర్లు పోసేవాడు 5కు, తరువాత 2కు దిగాడు. దాణా బాకీ మాత్రం పెరిగింది. బర్రె ఒట్టిపోతున్నదేమోనని కార్యదర్శి అనుకున్నాడు. ఆ మధ్యాహ్నం అతని భార్య వచ్చి, “సారూ, బర్రె మంచిగనే ఉన్నది. దానికి దాణా పెట్టేటోడే లేడు. ఇగ నేనే పిండుతా. బిల్లు నా చేతికి వచ్చేటట్టు చూడుండ్రి” అన్నది.

పెద్దమనుషులు అతనిచేత ఒట్టు వేయించారు. మూడవ నాడు ఫిట్సు వచ్చాయి. గాలి సోకిందని మంత్రగానిని పిలిచారు. చివరకు పాల వ్యాను డ్రైవరే ఆసుపత్రికి చేర్చాడు. డాక్టర్లు మందు ఇచ్చి, వారాల తరబడి మోతాదు కొద్దికొద్దిగా తగ్గించారు. మధ్యలో ఒకసారి మళ్ళీ తాగాడు, మళ్ళీ తీసుకుపోయారు. మరుసటి ఏడాది తనిఖీకి వెళ్ళినప్పుడు భార్య పేరున కొత్త పాస్‌బుక్కు ఉన్నది, రోజుకు 6 లీటర్లు పడుతున్నాయి. ఒట్టు వేయించిననాడే ఆసుపత్రికి పంపి ఉంటే ఆ ప్రాణగండం తప్పేది. పుస్తకంలో తరుగు చూచి కూడా మనలో ఒక్కరమూ అడగలేదు. ముందటి తనిఖీలో నేను కూడా అడగలేదు.

ఒక చిన్న లెక్క

లీటరుకు 40 రూపాయల చొప్పున రోజుకు 5 లీటర్లు పోసే సభ్యునికి 15 రోజులకు 3,000 రూపాయలు వస్తాయి. రోజుకు 100 రూపాయలు కల్లుకు పోతే 1,500 పోయినట్లే. మిగిలిన 1,500లో దాణా, గడ్డి, పిల్లల చదువు, ఇంటి ఖర్చు అన్నీ చూడాలి. ముందు దాణా తగ్గుతుంది, తరువాత పాలు తగ్గుతాయి. పొద్దున లేవలేనివాడు పిండే వేళ తప్పుతాడు. బర్రె ఎదకు వచ్చిన సంగతి గమనించడు. ఈనవలసిన ఏడాది వృథా అవుతుంది. నష్టం ఒక ఇంటితో ఆగదు. బాకీ సంఘం మీద పడుతుంది.

సంఘం చేయదగిన పనులు

1. పాలు హఠాత్తుగా తగ్గిన సభ్యుని ఇంటికి పాలకవర్గం నుండి ఒకరు వెళ్ళి మర్యాదగా కనుక్కోవలెను. నలుగురిలో పేరెత్తరాదు.

2. పశువును సాకే స్త్రీలను సభ్యులుగా చేర్చుకొని బిల్లు వారి బ్యాంకు ఖాతాకు పంపవలెను. సభ్యుని వ్రాతపూర్వక అంగీకారం లేకుండా అతని డబ్బు మరొకరికి ఇవ్వరాదు.

3. మానదలచినవారిని ముందుగా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించవలెను. ఇంట్లో కట్టివేయడం, ఒట్లు వేయించడం వైద్యం కాదు. ఫిట్సు వస్తే 108కి ఫోను చేయవలెను.

4. వ్యసన విముక్తి సలహాకు 14446 నంబరును సంఘం గోడపై వ్రాయించవలెను. ఈ ఫోనుకు ఖర్చు లేదు.

2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది. మిగిలిన 37 మందిలో మన సంఘాల సభ్యులు కూడా ఉంటారు.

చర్చకు ప్రశ్నలు

1. మన సంఘంలో గత ఆరు నెలలలో కారణం తెలియకుండా పాలు తగ్గిన ఖాతాలు ఎన్ని?

2. పశువును సాకేది ఒకరు, పాస్‌బుక్కు మరొకరి పేర ఉన్న ఇళ్ళు ఎన్ని?

3. మన ఊరికి దగ్గరలో వ్యసన చికిత్స చేసే ఆసుపత్రి ఏది? ఏ రోజులలో డాక్టరు ఉంటారు?

వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ మూడింటికీ జవాబులు మినిట్సు పుస్తకంలో వ్రాయవలసినదిగా కోరుతున్నాను.