పునాదికి ముందు నేలను పరీక్షించుట

ఇల్లు కట్టదలచినవారు ఇటుకను మ్రోగించి చూతురు. కలపను, సున్నమును ఏరి కొందురు. కాని యా భారమునంతయు మోయవలసిన నేలను మాత్రము కాలితో తట్టి, “గట్టిగానే యున్నది” అని తృప్తిపడువారు పెక్కుమంది కలరు. ఇది యెంత అపాయకరమో తెలియుటకు ముందుగా నేలను పరీక్షించు విధానమును తెలిసికొందము.

పునాది అడుగు ఉండవలసిన లోతువరకు గొయ్యి త్రవ్వి, చదును చేసి, దళసరి యినుపపలక నొకదానిని పెట్టుదురు. దాని వెడల్పు ఒక అడుగు మొదలు రెండున్నర అడుగుల వరకు ఉండును. గొయ్యి వెడల్పు పలకకు అయిదు రెట్లుండవలెను. లేనియెడల చుట్టునున్న మంటి బరువు తోడుపడి, నేలకు లేని బలము ఉన్నట్లు తోచును. పిమ్మట పలకపై బరువును క్రమక్రమముగా హెచ్చించుచు, అది ప్రతిసారియు ఎంత క్రుంగినదో కొలుతురు. కొద్దికొద్దిగా క్రుంగి నిలుచునంతవరకు నేల భారమును మోయుచున్నదని యర్థము. ఒక్కసారిగా దిగబడినచో దాని శక్తి తీరినదని తెలియవలెను. ఆ తుదిభారములో సగమునో, మూడవవంతునో మాత్రమే కట్టడమునకు అనుమతింతురు.

ఇట్లు పరీక్షించినను మోసపోవుట కలదా? కలదు. కెనడా దేశమున విన్నిపెగ్ నగరసమీపమందలి ట్రాన్స్‌కోనాలో 65 గుండ్రని గాదెలుగల కాంక్రీటు ధాన్యాగారమును నిర్మించిరి. దాని పునాది 77 అడుగుల వెడల్పు, 195 అడుగుల పొడవుగల ఒకే కాంక్రీటు దిమ్మె. ఉత్త కట్టడము బరువే 20,000 టన్నులు. కట్టినవారు నేలను పరీక్షింపకపోలేదు. రాబోవు భారముకంటె నెక్కువనే నేల మోయగలదని పరీక్షలో తేలెను. 1913 సెప్టెంబరులో ధాన్యము నింప నారంభించిరి. అక్టోబరు 18వ తేదీన కట్టడము ఒక గంటలో అడుగుమేర క్రుంగి, పిదప ప్రక్కకు ఒరగి, మరునాటికి దాదాపు 27 డిగ్రీలు వాలిపోయెను. అయినను గాదెలు విరిగి కూలలేదు. లోపము కాంక్రీటులో లేదు, నేలలోనే యున్నది.

అట్లయిన పరీక్ష అబద్ధమాడెనా? లేదు. తన్ను అడిగినంతవరకు నిజమే చెప్పెను. ఏ భారమైనను తన వెడల్పునకు ఇంచుమించు రెండు రెట్ల లోతువరకు నేలను గట్టిగా నొత్తును. అడుగు వెడల్పు పలక రెండడుగుల మంటిని మాత్రమే పరీక్షించును. 77 అడుగుల పునాదియో, అచ్చట క్రిందనున్న రాతివరకు గల మంటినంతయు నొత్తును. పైపొర గట్టి బంకమన్ను. దాని క్రింద మెత్తని బంకమన్ను. ఎండిన చెరువులో పైపెచ్చు మేకపిల్లను మోయును; ఎనుబోతు అడుగిడగనే దిగబడును గదా! 1951లో ఆ స్థలమున బోరు వేసి లోతునుండి మంటిని తీసి పరీక్షింపగా, ఆ మెత్తని పొర సంగతి తేటతెల్లమాయెను. దాని బలమునుబట్టి కట్టిన లెక్క, నాడు కట్టడము ఒరిగిన భారముతో సరిపోయెను.

ఒరిగిన ధాన్యాగారము క్రింద రాతివరకు స్తంభములు దింపి, 1914లో మరల దానిని నిలువబెట్టిరి. ముందు చేయవలసిన పని తుదకు మిక్కిలి ప్రయాసతో చేయవలసివచ్చెను. కావుననే పెద్ద కట్టడములకు పలకపరీక్షతో తృప్తిపడక, లోతుగా బోరు వేసి పొరపొరను చూచుట నేటి నియమము.

తల్లిదండ్రులు గమనింపవలసిన మాట యొకటి కలదు. మన నల్లరేగడి నేల వేసవిలో రాతివలె తోచును. వాననీరు పీల్చి ఉబ్బును, ఎండకు మరల కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. వేసవిలో గట్టిగానున్నదని దానిపై లోతులేని పునాది వేసినచో, ఏండ్లతరబడి కూడబెట్టిన సొమ్ముతో కట్టిన గోడలు బీటలు వారవచ్చును. కావున నేల యెంత గట్టిదని మాత్రమే అడుగరాదు. ఎంత లోతువరకు గట్టిది, ఏ కాలమున గట్టిది అని కూడ అడిగి తెలిసికొనవలెను.