మతోన్మాదానికి జవాబు ఎవరు చెప్పాలి?



2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు పెట్టిన రెండు బాంబులు పేలాయి. బస్సు కోసం నిలబడ్డవాళ్లు, టిఫిన్ తినడానికి ఆగినవాళ్లు బలైపోయారు. కడుపులోని బిడ్డతో కలిపి 18 ప్రాణాలు పోయాయి. 130 మందికి పైగా గాయపడ్డారు. ఇండియన్ ముజాహిదీన్‌కు చెందిన ఐదుగురికి ప్రత్యేక కోర్టు 2016 డిసెంబరులో మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది.

అప్పటి నుంచి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కాలనీల్లో ఒక మాట తరచు వినబడుతుంది: "మామూలు ముస్లింలు దీన్ని ఎందుకు ఖండించరు?" విన్నదాన్ని విన్నట్టే నమ్మొద్దని తథాగతుడు కాలాములకు చెప్పాడు. కాబట్టి ఈ మాటనూ పరిశీలిద్దాం.

1. నిజంగా ఖండించలేదా?

2008 ఫిబ్రవరిలో దేవ్‌బంద్‌లోని దారుల్ ఉలూమ్‌లో సమావేశమైన ఉలేమాలు ఉగ్రవాదం ఇస్లాంకు విరుద్ధమని ప్రకటించారు. అదే ఏడాది నవంబరులో మన హైదరాబాద్‌లోనే జరిగిన జమియత్ ఉలేమా-ఎ-హింద్ మహాసభలో వేలమంది ఉలేమాలు ఉగ్రవాద వ్యతిరేక ఫత్వాను బలపరిచారు. ఆ నెలాఖరులో ముంబై మీద దాడి చేసి చచ్చిన 9 మందిని పాతిపెట్టడానికి అక్కడి ముస్లిం ఖబరస్తాన్ ట్రస్టు చోటివ్వలేదు.

2022 మేలో సరూర్‌నగర్‌లో, ముస్లిం అమ్మాయిని పెళ్లాడిన మన దళిత బిడ్డను నడిరోడ్డు మీద చంపేశారు. ఆమె అన్నే నిందితుడు. ఆ గాయం మనకింకా పచ్చిగానే ఉంది. అప్పుడు ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ బహిరంగ సభలోనే ఇది రాజ్యాంగం ప్రకారమూ, ఇస్లాం ప్రకారమూ నేరమేనని చెప్పారు.

ఇంతటితో సరిపోయిందని కాదు. సభలో చేసిన తీర్మానం గల్లీ దాకా రావాలి. కుర్రాడు దారి తప్పుతుంటే ముందు పసిగట్టేది వాళ్లమ్మ, వాళ్ల దోస్తులు, మసీదు ఇమాం. వాళ్ల మాటే వాడి చెవికెక్కుతుంది. కానీ వాళ్లు భయం లేకుండా నోరు విప్పాలంటే, బయట ఉన్న మన మీద వాళ్లకు నమ్మకం ఉండాలి.

2. ఆ నమ్మకాన్ని ఏది చంపుతుంది?

అనుమానం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో 5గురు చనిపోయారు. చచ్చింది ముస్లింలే, పోలీసులు పట్టుకెళ్లిందీ ముస్లిం కుర్రాళ్లనే. తర్వాత వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ పేలుడులో గాయపడ్డ ఒక ముస్లిం యువకుడు 2013లో దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్లీ గాయపడ్డాడు. బాంబు మతం అడగలేదు. మనం మాత్రం ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు అడుగుతున్నాం.

కులం తెలిశాక "వేరేవాళ్లకు ఇచ్చేశామండీ" అన్న గడపలు మనకు ఎన్ని తెలియవు! అదే మాట మనం ఇంకొకరితో అంటే, బాబాసాహెబ్ 1956లో నాగపూర్‌లో మన చేత చేయించిన ప్రతిజ్ఞలకు అర్థమేముంది? నేరం చేసినవాడికి చట్టం శిక్ష వేయాలి. వాడి పేరు లాంటి పేరున్న ప్రతివాడికీ మనం శిక్ష వేయకూడదు.

3. చీవరం కట్టిన ద్వేషం

ఎల్.బి.నగర్‌కు దగ్గర్లోనే బాలాపూర్ ఉంది. అక్కడి గుడిసెల్లో ఉన్న రోహింగ్యాలను ఎవరు తరిమారో అడగండి. బౌద్ధులు ఎక్కువగా ఉన్న మయన్మార్ నుంచి వచ్చారు వాళ్లు. అక్కడ విరాథు అనే భిక్షువు ముస్లింల మీద ద్వేషం నూరిపోశాడు. 2017లో సైన్యం దాడులకు 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. "నువ్వూ బౌద్ధుడివే కదా, జవాబు చెప్పు" అని బాలాపూర్ మనిషి మనల్ని నిలదీస్తే?

జవాబు ఉంది. 2013లో అదే దేశంలో మెయిక్తిలా పట్టణం తగలబడుతుంటే, ఒక భిక్షువు వందలమంది ముస్లింలను తన విహారంలో దాచాడు. వాళ్లను అప్పగించమని వచ్చిన గుంపుకు అడ్డం నిలబడ్డాడు. తనవాళ్ల ఉన్మాదాన్ని తానే ఆపడమంటే అది. ముస్లింల నుంచి మనం కోరేదీ అదే. కోరే హక్కు రావాలంటే ముందు మనం చేసి చూపించాలి.

ఈ వారం సాధన

• ఒక మతాన్ని మొత్తంగా తిట్టే మెసేజ్ ఫోన్‌కు వస్తే, పంపినవారు మనవాళ్లే అయినా "అన్నా, ఇది సమ్యక్ వాక్కు కాదు" అని చెప్పండి. ముందుకు పంపకండి.
• పక్కింటి ముస్లిం కుటుంబాన్ని విహారంలో బుద్ధవందనకు పిలవండి. ఏదీ నిరూపించుకోమని అడగొద్దు.
• తప్పుడు కేసులో ఇరుక్కున్నవారు ఎవరైనా సరే, వకీలును చూపించండి. నిజంగా నేరం జరుగుతోందని తెలిస్తే, చేసేది ఎవరైనా సరే, పోలీసులకు చెప్పండి.

చర్చకు: మన కులంవాడు, మన మతంవాడు తప్పు చేసినప్పుడు మనం చివరిసారి గట్టిగా మాట్లాడింది ఎప్పుడు?

జై భీమ్!