మారథాన్ వీరుడు మెబ్

మెరుపువలె పరుగెత్తి క్షణములో గమ్యము చేరుట యొక నేర్పు. గంటల తరబడి వేగము సడలనీయక పరుగెత్తుట వేరొక నేర్పు. 42 కిలోమీటర్లకు మించిన మారథాన్ పరుగునకు కావలసినది ఈ రెండవ నేర్పు. ఓర్పు దానికి ప్రాణము. అట్టి ఓర్పునకు మెబ్రాటోమ్ కెఫ్లెజిగి జీవితము చక్కని నిదర్శనము. లోకమతనిని 'మెబ్' అని పిలుచును.

మెబ్ 1975వ సంవత్సరమున ఆఫ్రికాలోని ఎరిత్రియాలో జన్మించెను. ఆనాడు ఆ దేశము ఇథియోపియా పాలననుండి విముక్తికై పోరాడుచుండెను. ప్రాణభయముచే తండ్రి ఇల్లు విడిచి, కాలినడకన సూడాను చేరి, పిమ్మట ఇటలీకి పోయెను. కొన్నియేండ్ల యెడబాటు తరువాత 1986లో భార్యాబిడ్డలు అతనిని కలిసికొనిరి. మరుసటియేడు ఆ కుటుంబము అమెరికాలోని శాండియాగో నగరమున స్థిరపడెను. అప్పటికి మెబ్‌కు పండ్రెండేండ్లు, ఆంగ్లము రాదు. తండ్రి తెల్లవారక మునుపే బిడ్డలను లేపి, నిఘంటువు ముందిడి ఆంగ్లపదములు నేర్పుచుండెను.

ఒకనాడు పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడు పిల్లలచే మైలు దూరము పరుగు తీయించెను. మెబ్ దానిని 5 నిమిషముల 20 సెకండ్లలో ముగించెను. ఆ పరుగే అతని జీవితమును మలుపు త్రిప్పెను. చదువునను పరుగునను రాణించి, లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున విద్యార్థివేతనము పొందెను. బాబ్ లార్సెన్ అను శిక్షకుని యొద్ద సానబట్టిన వజ్రమువలె ప్రకాశించి, 1997 ఒక్క సంవత్సరములోనే కళాశాలల జాతీయ పోటీలందు నాలుగు విజయములు సాధించెను.

1998లో అమెరికా పౌరుడై, మెబ్ పరుగునే వృత్తిగా స్వీకరించెను. మామత్ లేక్స్ అను కొండయూరిలో సాధన సాగించెను. ఎత్తైన ప్రదేశములందు గాలిలో ప్రాణవాయువు పలుచన. అచట కొంతకాలము నివసించినచో రక్తమున ఎఱ్ఱకణములు వృద్ధిపొంది, దీర్ఘమైన పరుగునకు దేహము గట్టిపడును. ఆ సాధన ఫలించెను. 2004లో ఏథెన్స్ ఒలింపిక్ మారథాన్‌లో మెబ్ రెండవవాడై వెండిపతకమును గెలుచుకొనెను. 1976 తరువాత ఆ పోటీలో అమెరికా పురుషునకు దక్కిన మొదటి పతకమదియే.

అయినను కష్టములు వెన్నాడుట మానలేదు. 2007లో న్యూయార్కునందు జరిగిన ఒలింపిక్ ఎంపిక పోటీలో అతడు ఎనిమిదవ స్థానమునకు జారెను. ఆ పరుగునందే అతని మిత్రుడు ర్యాన్ షే కుప్పకూలి మరణించెను. తుంటి ఎముక చిట్లుటచే మెబ్ కొన్నాళ్లు నడచుటకైనను శ్రమపడెను. అతని పని ముగిసినదని పలువురు తలచిరి. మెబ్ మాత్రము మొదటి మెట్టునుండి సాధన మరల ఆరంభించెను. 2009లో అదే నగరమున మారథాన్ విజేత యయ్యెను. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సగము దూరమున చాల వెనుకబడియుండియు, ఒక్కొక్కరినే దాటి నాలుగవవాడై నిలిచెను.

2013లో బోస్టన్ మారథాన్ గమ్యరేఖ చెంత దుండగులు బాంబులు ప్రేల్చగా ముగ్గురు మరణించిరి. తరువాత ఒక రక్షకభటుడును వారిచే హతుడయ్యెను. మరుసటియేడు ఆ పోటీకి మెబ్ వచ్చెను. ముప్పదితొమ్మిదేండ్లు నిండుటకు రెండు వారములే కొఱత. రొమ్మున ధరించిన అంకెల పత్రముపై ఆ నలుగురి పేర్లను వ్రాసికొని పరుగెత్తెను. తుదిఘట్టమున కెన్యా వీరుడు చెబెట్ తరుముకొని వచ్చినను చిక్కక, 2 గంటల 8 నిమిషముల 37 సెకండ్లలో గమ్యము చేరెను. చెబెట్ 11 సెకండ్లు వెనుకబడెను. 1983 తరువాత అచట గెలిచిన మొదటి అమెరికా పురుషుడు, ఆశ్రయము వెదకుచు వచ్చిన ఆ బాలుడే.

2016 రియో ఒలింపిక్స్‌లో మెబ్ ముప్పదిమూడవవాడు. గమ్యరేఖ చెంత కాలు జారి పడెను. సిగ్గుపడక, అచటనే నేలకు చేతులానించి దండెములు తీసి, నవ్వుచు లేచెను. 2017లో న్యూయార్కునందు తన యిరువదియాఱవ మారథాన్ ముగించి పోటీలనుండి విరమించెను.

పతకములు కొందఱికే లభించును. పడినచోట లేచి, మొదలిడిన పరుగును తుదముట్టించు ధైర్యము సాధనచే అందఱికిని లభించును. విద్యార్థులు ఈ జీవితమునుండి గ్రహింపవలసినది ఇదియే.