దెబ్బలు తిన్న స్త్రీకి నీడ ఎక్కడ?

"ఏ ఇంట్లో లేవు గొడవలు? సర్దుకుపోవాలి" అంటారు పెద్దలు. ఆ సర్దుబాటు ఎప్పుడూ ఆడదాని వంతేనా అని నేనడుగుతున్నాను.

వరకట్న చావులపై మహిళా సంఘాలు వీధుల్లోకొచ్చి పోరాడితేనే 1983లో 498-ఎ సెక్షన్ వచ్చింది. భర్త, అత్తింటివారి క్రూరత్వం నేరమైంది. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. కాని భర్త జైలుకెళ్తే ఆమె కడుపు నిండుతుందా? ఆ రాత్రి తలదాచుకునే చోటేది?

2005 నాటి గృహహింస చట్టం ఈ వెలితిని గుర్తించింది. కాపురమున్న ఇల్లు ఎవరి పేర ఉన్నా అందులో ఉండే హక్కు ఆమెకిచ్చింది. రక్షణ ఉత్తర్వు, భరణం కోసం మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. అందుకు రక్షణాధికారి తోడ్పడాలి. ఇది తెలియక ఎందరో నోరుమూసుకుని పడివుంటున్నారు.

మిత్రులారా, ఉద్యమమంటే ఊరేగింపొక్కటే కాదు. 181కి ఫోన్ చేయవచ్చని, సఖి కేంద్రంలో తాత్కాలిక బస, న్యాయ సలహా దొరుకుతాయని పక్కింటి అక్కకు చెప్పడం కూడా ఉద్యమమే.