పాట వేరు, పట్టిక వేరు – డీజే కంప్యూటరులో తెలుగు పాటల భాండాగారం

ప్రవాస తెలుగువారి పెళ్ళివిందులలోను, ఉగాది, సంక్రాంతి సంబరాలలోను వేదిక ప్రక్కన కంప్యూటరు ముందు కూర్చుని పాటలు వేసే యువకుడో, యువతియో నేడు తరచుగా కనిపిస్తారు. వారినే మనం డీజే అని పిలుస్తున్నాము. ఒకప్పుడు రికార్డుల పెట్టెలు, క్యాసెట్ల సంచులు మోయవలసిన పని ఇప్పుడు అరచేతిలో ఇమిడే డిస్కుతో జరిగిపోతున్నది. అయితే వేల పాటలు దగ్గర ఉండటం వేరు, కావలసిన పాట కావలసిన క్షణంలో దొరకటం వేరు. ఈ రెండింటినీ కలిపే వంతెన పేరు డేటాబేసు. అది ఎట్లా పనిచేస్తుందో, తెలుగు పాటల విషయంలో దానికి పెద్దల సహాయం ఎందుకు అవసరమో తెలుసుకోవటమే ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రంథాలయం ఉపమానం

పెద్ద గ్రంథాలయంలో పుస్తకాలు బీరువాలలో ఉంటాయి. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉన్నదో తెలిపే కార్డులు వేరొక పెట్టెలో ఉంటాయి. డీజే సాఫ్ట్‌వేరులోని ఏర్పాటు కూడా ఇటువంటిదే. పాటల ఫైళ్ళు డిస్కులో ఒకచోట ఉంటాయి. పాట పేరు, గాయకులు, వేగం, ఎక్కడినుండి మొదలుపెట్టాలో తెలిపే క్యూ గుర్తులు, అన్నిటికంటె ముఖ్యంగా ఆ ఫైలు డిస్కులో ఉన్న చిరునామా – ఇవి పట్టికలో ఉంటాయి. ట్రాక్టర్, వర్చువల్ డీజే అనే సాఫ్ట్‌వేరులు ఈ పట్టికను ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో వ్రాసుకుంటాయి. ఉచితంగా లభించే మిక్స్ అనే సాఫ్ట్‌వేరు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసును వాడుకుంటుంది. సెరాటో మాత్రం తన పట్టికతోపాటు క్యూ గుర్తులను పాట ఫైలులోనే వ్రాసిపెడుతుంది.

ఈ ఏర్పాటు వలన ఒక లాభం, ఒక ప్రమాదం ఉన్నాయి. ఒకే పాటను పది జాబితాలలో చేర్చినా డిస్కులో పది ప్రతులు ఏర్పడవు. జాబితాలో ఉండేది పాట కాదు, దాని చిరునామా మాత్రమే. ఇది లాభం. కాని సాఫ్ట్‌వేరుకు తెలియకుండా ఫోల్డరు పేరు మార్చినా, ఫైళ్ళను వేరొకచోటికి జరిపినా, చిరునామా తప్పిపోయి పాట 'దొరకలేదు' అన్న సూచన వస్తుంది. విండోస్ కంప్యూటరులో బయటి డిస్కుకు ఇచ్చిన అక్షరం మారినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. పాట పోలేదు, పట్టిక దారి తప్పింది. అటువంటప్పుడు పాటలను మళ్ళీ కొత్తగా చేర్చరాదు. చేర్చితే పాత గుర్తులు లేని రెండవ కార్డు తయారవుతుంది. సాఫ్ట్‌వేరులోనే ఉండే 'తిరిగి వెతుకు' సదుపాయం ద్వారా పాత కార్డుకు కొత్త చిరునామా ఇవ్వాలి.

ఫైలులోని చీటీ

పట్టికతోపాటు ప్రతి ఎంపీ3 ఫైలులోను ఒక చిన్న చీటీని దాచవచ్చు. దీనిని ఐడీ3 ట్యాగు అంటారు. 1996లో వచ్చిన మొదటి రూపంలో ఈ చీటీ ఫైలు చివర 128 బైట్లు మాత్రమే. పాట పేరుకు 30, గాయకునికి 30, ఆల్బముకు 30 బైట్లు కేటాయించారు. లాటిన్ అక్షరాలను దృష్టిలో పెట్టుకొని చేసిన ఈ ఏర్పాటులో తెలుగుకు చోటు లేదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. 'శంకరాభరణం' అన్న ఒక్క మాటకే 27 బైట్లు కావాలి. 1998లో వచ్చిన రెండవ రూపం ఈ ఇబ్బందిని తొలగించి, పొడవైన పేర్లకు, యూనికోడ్ లిపులకు అవకాశం కల్పించింది. కనుక పాట వివరాలను నేడు తెలుగు లిపిలోనే వ్రాసుకోవచ్చు.

పేర్ల చిక్కు

అయినా చాలామంది ఇంగ్లీషు అక్షరాలలోనే వ్రాస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. 1963 నాటి 'లవకుశ'ను ఒకరు ఒకే మాటగా, మరొకరు రెండు మాటలుగా వ్రాస్తారు. 'శ'కు ఒకరు ఎస్ ఒక్కటే వ్రాస్తే, మరొకరు ఎస్ ప్రక్కన హెచ్ చేర్చుతారు. ఈ రెండు తేడాలతోనే నాలుగు రూపాలు ఏర్పడినవి. మనకు అది ఒకే చిత్రం, కంప్యూటరుకు నాలుగు చిత్రాలు. ఇందుకు విపర్యయంగా, 'దేవదాసు' అని వెతికితే 1953, 1974, 2006 సంవత్సరాల చిత్రాలు మూడూ ఒకే పేరుతో ప్రత్యక్షమవుతాయి. కాబట్టి సంవత్సరం గడిని ఖాళీగా వదలరాదు. సంకలనం సీడీ నుండి తీసిన పాటకు సీడీ వెలువడిన సంవత్సరం కాక, చిత్రం విడుదలైన సంవత్సరమే వ్రాయాలి.

కుటుంబమంతా ఒకే నియమం పాటించటం మంచిది. పాట పేరు గడిలో పల్లవి తొలి మాటలు, ఆల్బము గడిలో చిత్రం పేరు, ఆర్టిస్టు గడిలో నేపథ్య గాయకులు, కంపోజరు గడిలో సంగీత దర్శకుడు. తెర మీద నటించినవారి పేరు ఆర్టిస్టు గడిలో చేరితే గాయకుని పేరుతో వెతికినప్పుడు ఆ పాట దొరకదు.

యంత్రం కొలిచేవి, కొలవలేనివి

కొత్త పాటను చేర్చినప్పుడు సాఫ్ట్‌వేరు దానిని విశ్లేషించి రెండు విషయాలు చెబుతుంది. మొదటిది నిమిషానికి ఎన్ని దరువులు అన్నది. ఇందులో యంత్రం ఒక్కొక్కసారి 75 దరువుల పాటను 150 అని, లేదా 150ని 75 అని గుణిస్తుంది. చేతితో తాళం వేసి చూస్తే తెలిసిపోతుంది. పాత చిత్రాలలో వాద్యబృందమంతా కూర్చుని వాయించిన పాటల వేగం మొదటినుండి చివరివరకు ఒకే తీరుగా ఉండదు. ఇటువంటి పాటకు స్థిరమైన వేగం అంటగడితే, తరువాతి పాటతో కలిపేటప్పుడు దరువులు ఒకదానికొకటి అడ్డు తగులుతాయి.

రెండవది శ్రుతి. పాశ్చాత్య పద్ధతిలోని 12 మేజరు, 12 మైనరు స్వరశ్రేణులు కలిపి 24లో ఏదో ఒకటి యంత్రం ఎంచుకుంటుంది. కర్ణాటక సంగీతంలోని 72 మేళకర్తలలో శంకరాభరణం మేజరుకు, నటభైరవి సహజ మైనరుకు సరిపోతాయి. మాయామాళవగౌళలో కూర్చిన పాటకు ఆ 24లో సరియైన స్థానమే లేదు. అయినా యంత్రం ఏదో ఒక పేరు పెట్టక మానదు. అటువంటి చోట చెవినే నమ్మాలి.

వేగం, శ్రుతి సరిపోయినంత మాత్రాన పని ముగియదు. అప్పగింతల పాట, వధూవరులకు స్వాగతం పలికే పాట ఒకే వేగంలో, ఒకే శ్రుతిలో ఉండవచ్చు. యంత్రానికి రెండూ ఒకటే. తెలుగు అంతగా తెలియని రెండవ తరం డీజేకు కూడా తేడా తెలియకపోవచ్చు. కూతురిని సాగనంపే పాట ఆమె సభలో అడుగుపెట్టే వేళ మ్రోగితే పెద్దల మనస్సు చివుక్కుమంటుంది. ఆ పిల్లవానిది తప్పు కాదు, పట్టికలో ఆ గడి ఖాళీగా ఉన్నది. వ్యాఖ్య గడిలో 'అప్పగింతలు', 'సీమంతం', 'పిల్లల నృత్యం', 'విషాదం' వంటి ఒక్క మాట చేర్చితే, '1975కు ముందు, 90 నుండి 110 దరువులు, పెళ్ళివిందు' అని నియమం పెట్టుకొని జాబితాను తయారుచేసుకోవచ్చు. ఆ మాట చెప్పగలవారు అమ్మమ్మలు, తాతయ్యలు. వారు మన మధ్య ఉన్నప్పుడే అడిగి వ్రాసుకోవాలి.

క్యాసెట్లు, నకళ్ళు

ఇంటిలో పాత క్యాసెట్లు ఉంటే ఆలస్యం తగదు. 60 నిమిషాల క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించటానికి 60 నిమిషాలూ పడుతుంది. సీడీ ప్రమాణంలో అది సుమారు 635 మెగాబైట్లు. క్యాసెట్టులో పాటల పేర్లు ధ్వనితోపాటు రావు, అట్ట మీద మాత్రమే ఉంటాయి. కనుక అట్టను ముందుగా ఫోటో తీసి ఆ పాటల ఫోల్డరులోనే ఉంచాలి.

ఇక భద్రత. పాటల ఫైళ్ళకు నకలు తీసి, పట్టికకు తీయనివారు ఎందరో ఉన్నారు. డిస్కు చెడితే పాటలు మళ్ళీ సంపాదించవచ్చు. ఏళ్ళ తరబడి పెట్టిన గుర్తులు, పెద్దలు చెప్పిన మాటలు తిరిగి రావు. సాఫ్ట్‌వేరును మూసివేసిన తరువాత రెండింటికీ నకలు తీయాలి. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరొక ఇంటిలో ఉండటం క్షేమం. కొత్త వెర్షన్ వేసుకునే ముందు నకలు తప్పనిసరి. ఆ నకలు నిజంగా తెరుచుకుంటున్నదో లేదో వేరొక కంప్యూటరులో ఒకసారి పరీక్షించాలి. చందా కట్టి వినే పాటలు చందా ఆగితే డీజేకు అందవు. కనుక ముఖ్యమైన పాటలను కొని ఉంచుకోవటం మంచిది.

ఈ సెలవులలో ప్రతి కుటుంబం నూరు పాటలతో మొదలుపెట్టవచ్చు. కీబోర్డు మనుమల చేతిలో, జ్ఞాపకం తాతముత్తవల నోట – ఇద్దరూ ప్రక్కప్రక్కన కూర్చుంటే ఖాళీ గడులు నిండుతాయి. పాటతోపాటు ఆ పాట ఎవరిదో, ఎందుకు పాడేవారో కూడా తరువాతి తరానికి అందుతుంది.