పొడవు చాలునా?
(బాస్కెట్‌బాల్‌లో గార్డుల నేర్పు, దూరపు గురి)

పాఠశాలలో బాస్కెట్‌బాల్ జట్టును ఏర్పరచునపుడు అందరి చూపును మొదట పొడగరి బాలునిపై పడును. బుట్ట నేలనుండి 10 అడుగుల ఎత్తున నుండుటచే ఇది సహజమే. అయితే పొడవు ఒక్కటియే జయమునకు చాలునా? అమెరికా కళాశాలల ఆటలో, ముఖ్యముగా పర్డ్యూ విశ్వవిద్యాలయపు పురుషుల జట్టు 2023, 2024 సంవత్సరములలో పొందిన అనుభవములో, ఈ ప్రశ్నకు చక్కని సమాధానము కలదు. దానిని గ్రహించుటకు ముందు ఆటలోని రెండు విషయములను తెలిసికొందము.

మొదటిది గార్డుల పని. జట్టునకు ఐదుగురు ఆటగాండ్రు. సాధారణముగా బుట్ట దాపున సెంటరును, అతనికి తోడుగా ఇద్దరు ఫార్వర్డులును, వెలుపల ఇద్దరు గార్డులును ఉందురు. గార్డు అనగా కాపరి అని అర్థమే కాని, అతని పని కాపలాతో ముగియదు. బంతిని నేలపై తట్టుచు ముందునకు తెచ్చువాడు అతడు. ఎవనికి ఎడము దొరకినదో కనిపెట్టి బంతి నందించువాడు అతడు. గార్డు చేతినుండి బంతి జారిపోయినచో, ఆ జట్టు ఒక షాటును కోల్పోవుటయే గాక, ఎదుటివారికి ఒక షాటు నిచ్చినట్లగును. సెంటరు ఎంత బలవంతుడైనను, బంతి అతనికి చేరనిచో ఏమి చేయగలడు?

రెండవది దూరమునుండి వేయు షాటు. కళాశాలల పురుషుల ఆటలో 1986-87 ఆటల కాలమునుండి మూడు పాయింట్ల గీత అంతటను అమలులోనికి వచ్చెను. మొదట ఆ గీత 19 అడుగుల 9 అంగుళముల దూరమున నుండెను. 2008లో దానిని 20 అడుగుల 9 అంగుళములకును, 2019లో ప్రథమశ్రేణి జట్లకు 22 అడుగుల 1¾ అంగుళములకును జరిపిరి. గీత వెలుపలినుండి వేసిన బంతి బుట్టలో పడినచో మూడు పాయింట్లు, లోపలినుండియైనచో రెండు.

దీనిని లెక్కవేసి చూతము. దగ్గరనుండి 100 షాట్లు వేసి 50 పడవేసినవానికి 100 పాయింట్లు వచ్చును. దూరమునుండి 100 వేసి 40 మాత్రమే పడవేసినవానికి 120 వచ్చును. కాని ఆ దూరమునుండియే 25 మాత్రము పడవేసినవానికి 75 పాయింట్లే దక్కును. కనుక దూరపు షాటు గురిగలవానికి లాభము. గురి లేనివానికి నష్టము.

ఈ రెండింటికిని సెంటరుతో గట్టి సంబంధము కలదు. గార్డులకు దూరపు గురి ఉన్నచో, ఎదుటివారు వారిని అడ్డుకొనుటకు బుట్టను విడచి వెలుపలికి రాక తప్పదు. అప్పుడు బుట్టవద్ద సెంటరునకు చోటు దొరకును. గార్డులకు గురి లేదని తెలిసిన ఎదుటివారు వెలుపలికి ఏల వత్తురు? అందరును బుట్టచుట్టు మూగి సెంటరును కదలనీయరు.

2023 మార్చిలో పర్డ్యూ జట్టునకు జరిగినది ఇదియే. ఆ జట్టు సెంటరు జాక్ ఈడీ 7 అడుగుల 4 అంగుళముల పొడగరి. ఆ యేడు దేశమున అత్యుత్తమ కళాశాల ఆటగాడని పేరొందినవాడు. అఖిల అమెరికా పోటీలో జట్లను నాలుగు భాగములుగా విభజించి, ప్రతి భాగమునందును ఒకటి మొదలు పదునారు వరకు స్థానములు నిర్ణయింతురు. పర్డ్యూది మొదటి స్థానము. వారిపై ఆడిన ఫెయిర్లీ డికిన్సన్ జట్టుది పదునారవ స్థానము. పైగా ప్రథమశ్రేణి జట్లు 363లోను సగటు పొడవున అతి పొట్టి జట్టు అదియే. దాని ముఖ్యమైన గార్డు ఎత్తు 5 అడుగుల 8 అంగుళములు మాత్రమే.

ఆ పొట్టివారు ఈడీకి ముందొకరు, వెనుకొకరు నిలిచి బంతి చేరకుండ అడ్డుపడిరి. పర్డ్యూ గార్డులిద్దరును మొదటి సంవత్సరపు విద్యార్థులు. వెలుపల ఎడము దొరకినను, పర్డ్యూ జట్టు మూడు పాయింట్ల షాట్లు 26 వేసి 5 మాత్రమే పడవేసెను. 16 సారులు బంతిని పోగొట్టుకొనెను. ఈడీ 21 పాయింట్లు సంపాదించినను, ఫెయిర్లీ డికిన్సన్ 63-58తో గెలిచెను. పురుషుల పోటీలో పదునారవ స్థానపు జట్టు మొదటి స్థానపు జట్టును ఓడించుట అది రెండవసారి మాత్రమే.

మరుసటి యేడు ఆ గార్డులే, బ్రేడన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్, అనుభవమార్జించి తిరిగి వచ్చిరి. ఆ యేడు పర్డ్యూ జట్టు మూడు పాయింట్ల షాట్లలో నూటికి సుమారు 40 పడవేసెను. ఈడీ వాడే, అతని పొడవు అంతే. మారినది గార్డుల నేర్పు, గురి. పర్డ్యూ 1969 తరువాత మొదటిసారిగా తుదిపోటీకి చేరెను.

2024 ఏప్రిల్ 8న జరిగిన ఆ తుదిపోటీయు మనకు పాఠమే. కనెక్టికట్ జట్టువారు ఈడీని చాలవరకు ఒక్క సెంటరునకే అప్పగించి, తక్కినవారు పర్డ్యూ గురికాండ్రను విడువక అంటిపెట్టుకొనిరి. ఈడీ 37 పాయింట్లు సంపాదించెను. కాని జట్టు మొత్తము మూడు పాయింట్ల షాట్లు 7 మాత్రమే వేయగలిగెను; వానిలో పడినది ఒక్కటి. కనెక్టికట్ 75-60తో గెలిచెను. ఆ పోటీలలో ఉత్తమ ఆటగాడుగా ఎన్నికైనవాడు వారి గార్డు ట్రిస్టన్ న్యూటన్.

పొడవు నిష్ప్రయోజనమని మేము చెప్పుటలేదు. ఈడీ లేనిదే పర్డ్యూ తుదిపోటీకి చేరెడిది కాదు. కాని పొడవు పుట్టుకతో వచ్చునది; నేర్పును గురియును సాధనతో వచ్చునవి. పొట్టివాడనని మైదానపు అంచున నిలిచిపోవు బాలబాలికలు దీనిని మరువరాదు. మొదట బుట్ట దగ్గరనే నిలిచి షాటు అలవరచుకొని, కుదిరినకొలది ఒక్కొక్క అడుగు వెనుకకు జరుగవలెను. చూపు బంతిపై నిలుపక రెండు చేతులతోను తట్టుట అభ్యసింపవలెను. తనకంటె మంచి చోట నున్న తోడివానికి బంతి నిచ్చుట నేర్వవలెను. సాయంకాలమున పిల్లలు ఇందుకు వెచ్చించు అరగంటను తలిదండ్రులు వ్యర్థమని తలపకుందురుగాక.

అభ్యాసము
1. దగ్గరనుండి నూటికి 48 షాట్లు పడవేయువానికి సమముగా పాయింట్లు తెచ్చుటకు, మూడు పాయింట్ల గీత వెలుపలినుండి నూటికి ఎన్ని పడవేయవలెను?
2. 2024 తుదిపోటీలో ఈడీ 37 పాయింట్లు సంపాదించినను పర్డ్యూ ఓడుటకు కారణమేమి?