దెబ్బలు లేవు, మరి తమ్ముడెలా పోయాడు?

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్లు. క్రికెట్ ఆడుతుంటే గొడవైంది. ఎవరో నెట్టారు, పడి ప్రాణం వదిలాడు. పెద్ద దెబ్బల్లేవట. పోస్టుమార్టంలో కారణం పెండింగ్ అన్నారు. ఏదైనా దాస్తున్నారా?
– ఒక అక్క, బౌరంపేట్

జవాబు: పెండింగ్ అంటే దాచడం కాదమ్మా. విషం ఉందేమోనని విసెరా (లోపలి అవయవాల నమూనాలు) రెడ్ హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్తుంది, గుండెను ఫార్మలిన్‌లో పెట్టి పాథాలజీకి పంపుతారు. ఈ వయసులో పుట్టుకతో వచ్చిన లోపాన్ని ముందు గుండెలోనే వెతకాలి. గుండెకు రక్తమిచ్చే ధమని చోటు తప్పి పుట్టి, దాని మొదలు సన్నని చీలికలా ఉండొచ్చు. దాన్ని చూడకుండా గుండెను కోసేస్తే ఆధారం పోయినట్టే. బాస్కెట్‌బాల్ ఆటగాడు పీట్ మారవిచ్ 1988లో, 40 ఏళ్లకు, ఆడుతూనే కూలిపోయాడు. ఎడమ కరొనరీ ధమని అసలు లేదని పోస్టుమార్టంలోనే తెలిసింది!

లాంగ్ క్యూటీ అనే జబ్బైతే కనిపెట్టడం ఇంకా కష్టం. లోపం గుండె విద్యుత్తులో ఉంటుంది, కోసి చూస్తే గుండె నిక్షేపంగా కనిపిస్తుంది. అది జన్యుపరీక్షలో తేలొచ్చు. అందుకు రక్తం విడిగా ఉంచారేమో అడగండి, ఫార్మలిన్‌లో డీఎన్ఏ దెబ్బతింటుంది.

లోపం బయటపడితే నెట్టినవాడు తప్పించుకున్నట్టు కాదు. జబ్బున్న మనిషిని గాయపరిచి చావును తొందరపెట్టినా చావు కలిగించినట్టేనని భారతీయ న్యాయ సంహిత 100వ సెక్షన్ వివరణ చెబుతోంది. నేరం ఎంతన్నది అతని ఉద్దేశం, ఎరుక చూసి కోర్టు తేలుస్తుంది. నెట్టాక ఎన్ని నిమిషాలకు పడ్డాడు, ఇదివరకెప్పుడైనా పరిగెడుతూ సొమ్మసిల్లాడా అన్నవి పోలీసులకు రాయించండి. ఇలాంటి లోపం ఇంట్లో ఇంకొకరికీ ఉండొచ్చు కాబట్టి మీరూ, మీ తోబుట్టువులూ ఈ వారమే ఈసీజీ, ఎకో తీయించుకోండి.